బొమ్మకు వెనక వైపు

చారిత్రక కట్టడాలు, శిల్పాలు, చిత్రాల బొమ్మలున్న పోస్టుకార్డుల్ని సేకరించేవాళ్లకి ఒక అలవాటుంటుంది. కార్డు చేతికి రాగానే ముందు బొమ్మ చూస్తారు. తరవాత వెనక్కి తిప్పుతారు. వెనక ఏమీ రాసి లేకపోతే చాలామంది సంతోషిస్తారు. రాసి ఉంటే స్టాంపు ఏ కాలానిది, తపాలా ముద్రలో ఊరూ తేదీ కనిపిస్తున్నాయా అని చూస్తారు. ఆ రాసినదేమిటో చదివేవాళ్లు తక్కువ. ఆల్బంలో పెట్టేటప్పుడు ఎలాగూ బొమ్మే పైకి ఉంటుంది, రాత కిందికి పోతుంది.

ఈ అలవాటు గురించి ఆలోచించాల్సిన అవసరం స్త్రీవాదులకి ఉందని నాకనిపిస్తుంది. బొమ్మకార్డు మీద స్త్రీలు కనిపించేది బొమ్మ వైపు. స్త్రీలు మాట్లాడేది రాత వైపు. మొదటిదాన్ని దాచుకుని రెండోదాన్ని పట్టించుకోకపోవడం సేకరణ పద్ధతిలోనే ఉంది. పల్నాటి శిల్పాల విషయంలోనూ సరిగ్గా ఇదే జరిగింది. ఆ రాళ్ల మీద బొమ్మలతో పాటు రాతలూ ఉన్నాయి. బొమ్మలు కార్డులకెక్కి దేశదేశాలు తిరిగాయి. రాతలు శాసన సంపుటాల్లో ఉండిపోయాయి. ఆ రాతల్లో ఉన్నవి ఎక్కువగా ఆడవాళ్ల పేర్లు.

అందరూ చదివే ఉత్తరం

పోస్టుకార్డు మొదట 1869 అక్టోబరు 1న ఆస్ట్రియాలో వచ్చింది. మన దేశంలో 1879 జూలై 1న, పావు అణా ఖరీదుతో మొదలైంది. ఇంత తక్కువ ఖర్చుతో దేశంలో ఏ మూలకైనా కబురు పంపే వీలు అంతకు ముందు లేదు. అయితే కార్డుకి కవరు లేదు. పోస్టుమాను చదువుతాడు, అరుగు మీద కూర్చున్న మామగారు చదువుతాడు, చదువొచ్చిన పక్కింటి కుర్రాడు బిగ్గరగా చదివి వినిపిస్తాడు. ఆ తరవాతే అది కోడలి చేతికి వచ్చేది.

అందుకే కార్డు మీద ఆడవాళ్ల రాతకి ప్రత్యేకమైన భాష ఒకటి ఏర్పడింది. మొదట అందరి క్షేమం, చివర అందరికీ నమస్కారాలు, మధ్యలో వానలూ పంటలూ పిల్లల చదువులూ. చెప్పాల్సిన అసలు మాటని ఆ క్షేమాల మధ్య ఇరికించి చెప్పాలి. ఒంట్లో కాస్త నలతగా ఉందన్న ఒక్క మాటలో పుట్టింటివాళ్లు అర్థం చేసుకోవాల్సింది చాలా ఉండేది. శుభవార్త అయితే కార్డు మూలలకి పసుపు పూసేవాళ్లు. చావు కబురైతే మూల చింపేవాళ్లు. అక్షరం రానివాళ్లకి కూడా కార్డు చూడగానే గుండె ఝల్లుమనేది.

ఇంకా గమనించాల్సింది చిరునామా. పెళ్లయిన చిన్నపిల్లకి రాస్తే 'చి.ల.సౌ.' అని మొదలుపెట్టాలి. పెద్దావిడైతే 'మహాలక్ష్మీ సమానురాలైన' అనాలి. భర్త పోయినావిడైతే 'గంగాభాగీరథీ సమానురాలైన' అని రాయాలి. మగవాడికి మాత్రం భార్య ఉన్నా పోయినా 'మహారాజశ్రీ' ఒక్కటే. అంటే ఉత్తరంలో సంగతేమిటో చదవకముందే, ఆ స్త్రీ సుమంగళో వితంతువో పోస్టాఫీసు మొత్తానికి తెలియాలన్నమాట. పైగా ఆ పేరు కింద ఫలానా వారి భార్య, ఫలానా వారి ఇల్లు అని మగవాళ్ల పేర్లు ఉండనే ఉంటాయి. స్త్రీ పేరు మీద ఉత్తరం వచ్చినా అది చేరాల్సిన దారి మగవాడి పేరు మీదుగానే.

బొమ్మకార్డు వచ్చాక ఈ చోటు ఇంకా తగ్గింది. ఒక వైపు మొత్తం బొమ్మ. ఇంకో వైపు చిరునామా. తొలి రోజుల్లో చిరునామా వైపు మరేమీ రాయకూడదన్న నియమం ఉండేది కాబట్టి ఉత్తరం బొమ్మ పక్కన మిగిలిన ఖాళీలో రాసుకోవాల్సి వచ్చేది. 1902లో బ్రిటన్ తపాలా శాఖ ఆ వెనక వైపుని నిలువుగా రెండుగా చేసి సగం ఉత్తరానికి, సగం చిరునామాకి ఇచ్చింది. నేటికీ బొమ్మకార్డులు ఆ పద్ధతిలోనే ఉన్నాయి. అంటే రాసుకునే మనిషికి దక్కింది కార్డులో నాలుగో వంతు.

దీనికి తోడు ఎవరు పంపుతారు, ఎవరు అందుకుంటారు అన్నది కూడా ఆడా మగా తేడాతో ముడిపడిన విషయమే. బొమ్మకార్డు పంపాలంటే ఊరు దాటి వెళ్లాలి. ఉద్యోగం మీదో, చదువు కోసమో, యాత్రకో వెళ్లిన మగవాడు తాజ్‌మహల్ బొమ్మ కొని పంపుతాడు. ఇంట్లో ఉన్న ఇల్లాలు దాన్ని అందుకుని దేవుడి పటం పక్కన పెట్టుకుంటుంది. చాలామంది తెలుగు స్త్రీలకి ఎల్లోరా, మహాబలిపురం, హంపీ తెలిసింది ఇలా వేరేవాళ్లు చూసి పంపిన బొమ్మల ద్వారానే.

సేకరించడం, దాచుకోవడం

సేకరణ మీద వచ్చిన సిద్ధాంతాల్లో సేకర్త దాదాపు ఎప్పుడూ మగవాడే. వాల్టర్ బెంజమిన్ 1931లో తన పుస్తకాల పెట్టెలు విప్పుకుంటూ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో కనిపించేది వస్తువుతో ఏకాంతంలో గడిపే పురుషుడు. ఈ ఊహని ఫెమినిస్టు విమర్శకురాలు నవోమీ షోర్ 1992లో 'క్రిటికల్ ఇంక్వైరీ' పత్రికలో వచ్చిన వ్యాసంలో ప్రశ్నించింది. 1900 ప్రాంతపు పారిస్ నగరపు బొమ్మకార్డుల్ని ఆమె స్వయంగా సేకరించింది. ఆ రోజుల్లో యూరపులో కార్డుల పిచ్చి స్త్రీల వ్యాపకంగా పేరుపడిందని, అందుకే దాన్ని గంభీరమైన సేకరణగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని షోర్ వాదన. వస్తువు ఒకటే అయినా మగవాడు పోగుచేస్తే విద్య, ఆడది పోగుచేస్తే కాలక్షేపం.

షోర్ మాటలో బలం ఉంది. కానీ మన దగ్గరికి వచ్చేసరికి అది సరిపోదు. ఆమె చెప్పే స్త్రీ దుకాణానికి వెళ్లి తనకి నచ్చిన కార్డు ఎంచుకుని కొనుక్కోగలిగిన స్త్రీ. మన ఇళ్లలో ఆడవాళ్ల కార్డులు కొన్నవి కావు, వచ్చినవి. వాటికి ఆల్బం లేదు. దూలానికి వేలాడే ఇనప కమ్మికి గుచ్చినవి కొన్ని, ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతల్లో పెట్టినవి కొన్ని. దాన్ని ఎవరూ సేకరణ అనలేదు. దానికి మనకున్న మాట దాచుకోవడం.

ఈ రెండు మాటలకీ మధ్య తేడా ఉంది. సేకరించేవాళ్లు కార్డుల్ని బొమ్మని బట్టి సర్దుతారు: కోటలొకచోట, గుళ్లొకచోట, అజంతా చిత్రాలొకచోట. దాచుకునేవాళ్లు రాసిన మనిషిని బట్టి సర్దుతారు: అక్కవి ఒకచోట, స్నేహితురాలివి ఒకచోట, మళ్లీ కనపడని కొడుకువి విడిగా. నరసరావుపేటలో మా బంధువుల ఇంట్లో ఇలాంటి కట్ట ఒకటి చూశాను. అక్కాచెల్లెళ్లిద్దరు ఒకరికొకరు ఏళ్ల తరబడి రాసుకున్నవి. అందులో పదో పన్నెండో బొమ్మకార్డులు. నాగార్జునసాగర్ ఆనకట్ట బొమ్మ వెనక అక్క రాసిన సంగతి ఆనకట్ట గురించి కాదు. మునిగిపోయిన పొలం నష్టపరిహారం మగవాళ్లు పంచేసుకున్నారని, తనని ఎవరూ అడగలేదని. దాన్ని కూడా నేరుగా రాయలేదు. నీళ్లు చాలా ఉన్నాయి, మన వాటా మాత్రం కనపడలేదన్నట్టు రాసింది. చదివిన మామగారికి అందులో తప్పు పట్టడానికేమీ దొరికి ఉండదు.

ఇల్లు అమ్మినప్పుడో పెద్దావిడ పోయినప్పుడో ఇలాంటి కట్టలు పాత కాగితాల వాడికి పోతాయి. అదృష్టం బాగుండి కార్డులు సేకరించేవాడి చేతిలో పడ్డా కట్ట నిలవదు. అందులో బొమ్మకార్డులు మాత్రం ఏరి, ఆనకట్టలు ఒక చోటికి, అజంతా ఒక చోటికి, తిరుపతి ఒక చోటికి విడదీస్తాడు. బొమ్మ లేని మామూలు కార్డులు పారేస్తాడు. అక్కాచెల్లెళ్ల మధ్య ఇరవై ఏళ్లు నడిచిన మాట అక్కడితో తెగిపోతుంది. బొమ్మలన్నీ భద్రంగానే ఉంటాయి. అవి ఎవరి మధ్య నడిచాయో ఇక ఎవరికీ తెలియదు.

బొమ్మలో ఆడది

బొమ్మ వైపు స్త్రీ ఎలా కనిపిస్తుందన్నది ఇప్పటికే కొంత చర్చ జరిగిన విషయం. అల్జీరియా రచయిత మాలెక్ అల్లూలా 1981లో ఫ్రెంచిలో రాసిన 'కలోనియల్ హరెం' పుస్తకం దానికి మొదలు. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్లు కూలి ఇచ్చి స్టూడియోల్లో కూర్చోబెట్టిన ఆడవాళ్లని అల్జీరియా అంతఃపుర స్త్రీలుగా చూపించి కార్డులు వేసి అమ్మిన వైనాన్ని అల్లూలా వివరించాడు. ఆ కార్డుని పంపినవాడి దగ్గరికే తిప్పి పంపడం తన ఉద్దేశమన్నాడు. మన దేశంలోనూ అదే కాలంలో మద్రాసు లాంటి నగరాల్లోని స్టూడియోలు, పుస్తకాల కంపెనీలు గుళ్లూ కోటల బొమ్మలతో పాటు నాట్యకత్తెలనీ, కూలి ఆడవాళ్లనీ, ఫలానా కులపు స్త్రీ అన్న శీర్షికలతో స్త్రీలనీ కార్డులకెక్కించాయి. గుడికి పేరుంటుంది. స్త్రీకి కులమో వృత్తో తప్ప పేరుండదు.

అల్లూలా పుస్తకం మీద వచ్చిన అభ్యంతరం కూడా ముఖ్యమైనదే. ఆ స్త్రీల బొమ్మల్ని విమర్శించడానికే అయినా మళ్లీ అచ్చువేసి, మళ్లీ మనందరి చూపుకీ అప్పగించాడు కదా అని రే చౌ 1990లలో అడిగింది. పురుషుడు తన జాతి గౌరవం కోసం వలస పాలకుడితో చేసే పోట్లాటలో ఆ స్త్రీ మళ్లీ వస్తువుగానే మిగిలిందని ఆమె విమర్శ సారాంశం. ఈ ప్రశ్నకి నాకు తోచిన ఒక జవాబు కార్డుని తిప్పి చూడడం. బొమ్మలో స్త్రీ మాట్లాడకపోవచ్చు. కార్డు వెనక రాసిన స్త్రీ, లేదా ఆ రాయిని చెక్కించిన స్త్రీ మాట్లాడి ఉండొచ్చు. ఆ మాట వినడానికి పల్నాడంత మంచి చోటు తెలుగునేల మీద ఇంకోటి లేదు.

కొండ మీది బొమ్మలు, స్తంభాల మీది పేర్లు

నాగార్జునకొండ లోయ అప్పట్లో గుంటూరు జిల్లా పల్నాడు తాలూకాలోది. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. 1926లో రంగస్వామి సరస్వతి ఆ శిథిలాల్ని గుర్తించాడు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. శాసనాల్ని వోగెల్ చదివి 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించాడు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకి నెహ్రూ శంకుస్థాపన చేశాడు. లోయ మునిగేలోపు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా మళ్లీ విస్తృతంగా తవ్వకాలు జరిగాయి. దొరికిన శిల్పాలు, కొన్ని కట్టడాలు కొండ మీదికి, అనుపుకీ చేరాయి. 1967లో జలాశయం నుంచి నీళ్లు వదిలారు. మాచర్ల దాటి విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కి వెళ్లే యాత్రికుడు ఇప్పుడు చూసే కొండ, నీటి మధ్య మిగిలిన దీవి.

నేను చూసిన నాగార్జునకొండ బొమ్మకార్డుల్లో ఎక్కువగా ఉన్నవి నిలువెత్తు బుద్ధుడు, దంపతుల శిల్పాలు, జాతక కథల పలకలు, ఆనకట్ట. వెనక అచ్చువేసిన వివరంలో చోటు పేరు, శిల్పం పేరు, శతాబ్దం, ఇక్ష్వాకుల కాలం అన్న మాట. అంతే. ఇక్ష్వాకులంటే రాజులనే కదా చదువుకునేవాళ్లు అనుకునేది? శాసనాలు చెప్పేది వేరు.

రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం లాంటి వైదిక యజ్ఞాలు చేసినవాడు. బౌద్ధ కట్టడాలకి దానాలిచ్చినవాళ్లలో ముందు వరసలో ఉన్నది ఆ ఇంటి ఆడవాళ్లు. మహాచైత్యం ఆయక స్తంభాల మీద మొదట కనిపించే పేరు చాంతమూలుడి చెల్లెలు చాంతిసిరిది. వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో ఆమె ఆ స్తంభాలు నిలబెట్టించింది. ఉజ్జయిని నుంచి వచ్చిన రుద్రధరభట్టారిక తన వంతు దానం ఇచ్చింది. భటిదేవి ఒక శాఖ ఆచార్యులకి విహారం కట్టించింది. వనవాస రాజు ఇల్లాలైన కొడబలిసిరి ఇంకో శాఖకి కట్టించింది. స్తంభం ఎవరిదో స్తంభమే చెబుతోంది. ఆ స్తంభాన్ని ఫోటో తీసి కార్డు వేసేటప్పుడు మాత్రం ఆ మాట ఎగిరిపోయింది.

నన్ను మరీ ఆకట్టుకునేది బోధిసిరి శాసనం. ఆమె రాణి కాదు, ఉపాసిక. వీరపురుషదత్తుడి పద్నాలుగో సంవత్సరంలో, చిన్న ధర్మగిరి మీద, సింహళం నుంచి వచ్చిన థేరవాదుల కోసం చైత్యగృహం కట్టించింది. శాసనంలో తన తల్లీ తండ్రీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూతుళ్లూ కోడళ్లూ అందరినీ తలుచుకుంది. ఆ తరవాత తాను ఎక్కడెక్కడ ఏమేం కట్టించిందో వరసగా రాయించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, మహాధర్మగిరిలో ఒక గది, పూర్వశైలంలో చెరువు, కంటకసోలలో మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం, పుష్పగిరిలో మరో రాతి మండపం. కంటకసోల అంటే నేటి ఘంటసాల. చూడండి, ఇది ఒక స్త్రీ తయారుచేసిన చోట్ల జాబితా. చారిత్రక కట్టడాల బొమ్మల్ని వరసగా ఆల్బంలో పెట్టుకుని మురిసిపోతున్న మనకి, పదిహేడు వందల ఏళ్ల కిందట ఒక పల్నాటి స్త్రీ అలాంటి వరసనే పేర్చుకుని రాయి మీద చెక్కించిందని ఏ కార్డూ చెప్పదు. ఆమె వరసకి, మన వరసకి తేడా ఏమంటే, ఆ చోట్లని ఆమె చూడడంతో ఆగలేదు, కట్టించింది.

ఇంకో స్తంభం గురించి కూడా చెప్పాలి. చాంతమూలుడు పోయాక అతని తల్లులు, అక్కచెల్లెళ్లు, రాణులు కలిసి ఒక స్మారకం నిలబెట్టారు. దాన్ని శాసనం ఛాయాస్తంభం అంటుంది. రాజు జీవితంలోని సన్నివేశాలు దాని మీద చెక్కి ఉన్నాయి. ఛాయ అంటే నీడ, రూపం. ఫోటోకి మనం పెట్టుకున్న పేరు ఛాయాచిత్రం. బొమ్మలో ఉన్నవాడు రాజు. బొమ్మ పెట్టించినవాళ్లు, పేర్లు రాయించుకున్నవాళ్లు ఆడవాళ్లు. బొమ్మ మాత్రమే చూస్తే ఇది రాజు కథ. రాత కూడా చదివితే పోయిన మనిషి రూపాన్ని నిలబెట్టుకున్న స్త్రీల కథ.

అవిధవ నుంచి చి.ల.సౌ. దాకా

ఇంతవరకు చదివి, పూర్వం మన స్త్రీలకి ఎంత గౌరవం ఉండేదో అని మురిసిపోవడం సులువు. శాసనాలు ఆ ముచ్చట తీరనివ్వవు. నాగార్జునకొండలో దొరికిన ఒక నగ్న దేవతా విగ్రహం మీద ఎహువుల చాంతమూలుడి రాణి ఖండువుల పేరుంది. పేరు దగ్గర ఆమెకి రెండు విశేషణాలు: అవిధవ, జీవపుత్ర. భర్త బతికున్నది, కొడుకు బతికున్నది. రాణికి కూడా తనేమిటో చెప్పుకోవడానికి ఈ రెండే అర్హతలు. చాంతిసిరి శాసనాల్లో ఆమె ఎవరి చెల్లెలో, ఎవరికి అత్తో చెప్పనిదే వాక్యం ముందుకు సాగదు. రాజుల పేర్లలో తల్లి గోత్రం ఉన్నంత మాత్రాన అది మాతృస్వామ్యం అయిపోదు.

అవిధవకీ చి.ల.సౌ.కీ మధ్య పదిహేడు వందల ఏళ్లున్నాయి. రాయి కార్డు అయింది, ఉలి కలం అయింది. స్త్రీని పిలిచే ముందు ఆమె భర్త ఉన్నాడా లేడా అని చెప్పే పద్ధతి మాత్రం అలాగే వచ్చింది. రాత వైపు చదవమని నేననేది అక్కడ స్త్రీ స్వేచ్ఛగా కనిపిస్తుందని కాదు. ఆమె మీద ఉన్న కట్టుబాట్లు, వాటి సందుల్లోంచి ఆమె చేసుకున్న దారి, రెండూ కనిపించేది అక్కడే కాబట్టి.

ఇంకో సంగతి. చాంతిసిరి సంపద ఎక్కడిది? రాళ్లు మోసింది ఎవరు? పల్నాటి సున్నపురాయిని గనిలోంచి తీసినవాళ్ల పేర్లు ఏ స్తంభం మీదా లేవు. ఆధునిక కాలపు కార్డుకీ ఇదే లోపం. నాగార్జునసాగర్ ఆనకట్టని యంత్రాల కంటే ఎక్కువగా మనుషులే కట్టారు. తట్టలు మోసినవాళ్లలో ఆడవాళ్లు లెక్కలేనంతమంది. ఆనకట్ట బొమ్మలో నీళ్లున్నాయి, గేట్లున్నాయి. వాళ్లు లేరు. స్త్రీల చరిత్ర అనగానే రాణుల దగ్గర ఆగిపోకూడదని మనకు 1986లోనే 'మనకు తెలియని మన చరిత్ర' నేర్పింది. ఆ పుస్తకంలో తెలంగాణ పోరాట స్త్రీలు తమ నోటితో తాము మాట్లాడారు. ఆనకట్ట కట్టిన స్త్రీల మాటలు అలా రావాల్సి ఉంది.

శాసనాల్లో రాజకుటుంబం బయటి గొంతులు లేకపోలేదు. అమరావతిలో పూర్ణఘటం చెక్కిన పలక ఒకటుంది. దాన్ని ఇచ్చినవాడు చర్మకారుడు విధికుడు, తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో కలిసి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో ఖరారు చేసిన రాజముద్రలో మధ్యనున్నది అమరావతి పూర్ణఘటమే. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో అమరావతి మండలమూ చేరింది కాబట్టి ఆ ఘటం ఇప్పుడు పల్నాటి సొత్తు కూడా. ప్రతి ప్రభుత్వ కాగితం మీదా ఉన్న ఆ బొమ్మ ఒక చెప్పులు కుట్టే ఇంటి ఆడామగా అందరి దానమని చెప్పే ఒక్క వాక్యం కార్డు వెనక అచ్చయితే, ఆ బొమ్మని చూసే చూపే మారిపోతుంది.

రెండు వైపులా చెక్కిన రాయి

అమరావతి శిల్పాలు కార్డులకి చాలాముందే కెమెరాకెక్కాయి. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వి మద్రాసు చేర్చిన రాళ్లని 1858లో లిన్నేయస్ ట్రైప్ ఫోటోలు తీశాడు. తరవాత ఆ రాళ్లలో నూటికి పైగా లండన్ వెళ్లాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మిగతావి ఎక్కువగా చెన్నై మ్యూజియంలో. అమరావతి బిడ్డలు తమ ఊరి శిల్పాన్ని చూడాలంటే చాలాకాలం వాటి బొమ్మలే గతి. కార్డుల మీద మనకున్న మోజులో ఈ పోగొట్టుకున్న బాధ కూడా ఉంది.

లండన్‌లో ఉన్న ఆ రాళ్లలో ఒకటి రెండు వైపులా చెక్కినది. ఒక వైపు క్రీస్తుపూర్వం నాటిది: బోధివృక్షం, ఖాళీ ఆసనం. తరవాత మూడో శతాబ్దంలో శిల్పులు అదే పలకని తిప్పి వెనక వైపు స్తూపాన్ని చెక్కారు. బాగా ప్రచారంలోకి వచ్చింది ఆ స్తూపం బొమ్మే. రెండు వైపులూ చూస్తే తప్ప ఆ రాయి చరిత్ర తెలియదు. జాక్ డెరిడా 1980లో పోస్టుకార్డు మీద రాసిన పుస్తకంలో, ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో దొరికిన ఒక పాత చిత్రపు కార్డుని పట్టుకుని, ఇందులో ఏది ముందు ఏది వెనక అని తర్కిస్తాడు. అతనికది తత్వశాస్త్రం ప్రశ్న. మనకి చరిత్ర ప్రశ్న. ఏ వైపుని ముందు అనాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉంది?

మార్చుకోవడం

కార్డులు మార్చుకోవడం పాత వ్యాపకమే అయినా ఇటీవలి కాలంలో దానికి కొత్త ఊపు వచ్చింది. 2005లో పోర్చుగల్‌కి చెందిన పౌలో మగల్యాయిష్ మొదలుపెట్టిన 'పోస్ట్‌క్రాసింగ్' ద్వారా ముక్కూమొహం తెలియని మనుషులు దేశాలు దాటి ఒకరికొకరు కార్డులు పంపుకుంటున్నారు. ఇందులో ఆడవాళ్లకి కలిసొచ్చే విషయం ఒకటుంది. ప్రయాణం చేసినవాడే పంపాలన్న పాత లెక్క ఇక్కడ తిరగబడింది. ఇల్లు కదలని స్త్రీ తన ఊరి బొమ్మ పంపి ఫిన్లండు చర్చి బొమ్మ తెప్పించుకోవచ్చు. ఆమె ఇప్పుడు అందుకునేదే కాదు, పంపేది కూడా.

కానీ గురజాల అమ్మాయి పంపాలంటే ఏ బొమ్మ పంపాలి? తాజ్‌మహల్, చార్మినార్ కార్డులు దొరుకుతాయి. తన ఊరివి దొరకవు. దొరికినా మాచర్ల చెన్నకేశవుడి గుడి, కారెంపూడి వీరుల గుడి, కొండవీటి కోట. అంటే దేవుడు, వీరులు, రాజులు. పల్నాటి యుద్ధాన్ని నడిపిన నాయకురాలు నాగమ్మ వీరుల కథలో ప్రతినాయిక. కోటప్పకొండ మీద దేవుడి కోసం నడిచి, వెనక్కి తిరిగి చూసిందని కథలో ఆగిపోయిన గొల్లభామకి గుడి ఉంది, కానీ కార్డుకెక్కేది కొండా త్రికోటేశ్వరుడే. వెనక్కి తిరిగి చూడడం ఆమె చేసిన తప్పని కథ చెబుతుంది. ఇన్నాళ్లూ మనం చేయకుండా ఉండిపోయింది ఆ పనేనని నాకనిపిస్తుంది.

అందుకని ఆ గురజాల అమ్మాయి ఏ బొమ్మ పంపినా వెనకనున్న ఆ నాలుగో వంతు చోటుని వదులుకోకూడదు. నాగార్జునకొండ బొమ్మ వెనక చాంతిసిరి పేరు రాయొచ్చు. పూర్ణఘటం వెనక విధికుడి తల్లిని, భార్యని, కూతుళ్లని తలుచుకోవచ్చు. అందుకున్న మనిషి ఎవరో తెలియకపోయినా ఆ పేరు ఒక ఇంట్లోకి చేరుతుంది.

చదవొచ్చా?

ఒక ప్రశ్న మిగిలింది. ఇంకొకరి ఉత్తరం చదవడం సబబేనా? మామగారు చదివాడని ఇందాక విమర్శించి, ఇప్పుడు పరిశోధన పేరుతో మనం చదివితే తేడా ఏమిటి? ఇది తేలిగ్గా తీసేయాల్సిన ప్రశ్న కాదు. వాటా దక్కలేదని చెల్లెలికి మాత్రమే తెలిసేలా రాసుకున్న అక్క, ఆ మాట పత్రికలో రావాలని కోరుకుని ఉండకపోవచ్చు. నేను ఆ కార్డు సంగతి ఆ ఇంటి ఆడవాళ్ల అనుమతితో, పేర్లు లేకుండా ఇక్కడ ప్రస్తావించాను. ఆ మాత్రం నియమం అందరం పాటించాలి. పారేసే కట్టలో ఉత్తరాల్ని కాపాడడం వేరు, వాటిని అంగడిలో పెట్టడం వేరు.

ఇది ఒక్కరితో అయ్యే పని కాదు. కార్డులు సేకరించేవాళ్లు కట్టల్ని విడదీయకుండా, రాసినవాళ్ల వరసలోనే ఉంచాలి. జాబితా రాసేటప్పుడు బొమ్మ పేరుతో పాటు ఎవరు ఎవరికి రాశారో, ఏ వరసైనవాళ్లో కూడా ఒక గడి కేటాయించాలి. మ్యూజియాలు కార్డులు వేస్తే శిల్పం మీది శాసనంలో ఉన్న దాత పేరు వెనక అచ్చువేయాలి. అదేమీ పెద్ద ఖర్చు కాదు, ఒక పంక్తి. వోగెల్ శాసనాలు ప్రకటించి తొంభై ఏళ్లు దాటింది. పేర్లు తెలియవని ఎవరూ అనలేరు.

ఇక మన ఇళ్లలో పెద్దవాళ్ల పెట్టెలున్నాయి. అవి ఖాళీ చేసే రోజు వస్తే, కార్డుల్లో ఏ బొమ్మకి మంచి ధర పలుకుతుందో చూడకముందు వెనక్కి తిప్పి చదవండి. చేతిరాత ఎవరిదో చెప్పగలిగిన మనిషి ఇంకా బతికుంటే, పక్కన కూర్చుని అడిగి రాసి పెట్టుకోండి. చాంతిసిరికి రాయి దొరికింది. మన అమ్మమ్మలకి దొరికింది కార్డు మీద నాలుగంగుళాల చోటే.